నా తలుపుకు వీపు తిప్పిన కెమెరా

మా ఫ్లాట్ల సంఘం కార్యదర్శి నన్ను లిఫ్టులో ఒక ప్రశ్న అడిగాడు. అది అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. ఆయన వేసుకున్న నీలం గళ్ల చొక్కా గుర్తుంది. శనివారమైనా మెడలోంచి తీయని ఆఫీసు ట్యాగు గుర్తుంది. లిఫ్టు మూడో అంతస్తు దాటుతోందనీ గుర్తుంది.

“మేడం, శుక్రవారాలు ఉపవాసమన్నారు. మరి నిన్న నాలుగింటికే బిర్యానీ పార్శిల్ వచ్చినట్టుందే?”

అని నవ్వాడు. లిఫ్టులో మాతోపాటు మా స్త్రీల ప్రార్థన కూటంలోని ఒక చెల్లెమ్మ ఉంది. ఆమె నా వైపు చూసి, వెంటనే అంతస్తుల అంకెల వైపు తల తిప్పుకుంది. అవి శ్రమదినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులూ మేం కొన్ని వదులుకుంటాం. నేను శుక్రవారాలు సాయంత్రం ఆరు దాకా ఏమీ తినను. అంతకుముందు వారం ఫ్లాట్ల సంఘం వాళ్లు క్లబ్‌హౌస్‌లో మిరపకాయ బజ్జీలు పంచుతుంటే వద్దన్నాను. ఎందుకని ఈయనే గుచ్చి గుచ్చి అడిగితే ఆ మాట చెప్పాను. అదీ నా పొరపాటు.

“మా ఇంటికి ఏం వచ్చిందో మీకెలా తెలుసండీ?” అన్నాను.

“కెమెరా ఉంది కదా మేడం! ఫోన్‌లో అన్ని ఫ్లోర్లూ చూస్తుంటాను. క్లారిటీ ఎంత బాగుందంటే కవర్ మీద హోటల్ పేరు కూడా చదవొచ్చు.”

కెమెరా కొన్నందుకు నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. లిఫ్టు ఆగింది. నేను దిగిపోయాను.

ఆ బిర్యానీ ఎవరి కోసం తెప్పించాను, ఎవరు తిన్నారు అన్నది ఒక్క వాక్యంలో చెప్పగలను. ఆ లిఫ్టులోనే చెప్పి ఉండవచ్చు. చెబితే చెల్లెమ్మ మనసు కుదుటపడేది, కార్యదర్శి “అలాగా మేడం” అనేవాడు, కథ అక్కడితో అయిపోయేది. కానీ నా గుమ్మంలోకి వచ్చిన పొట్లానికి నేను లిఫ్టులో సంజాయిషీ ఇచ్చుకోవాలా? ఇవ్వనని అక్కడే నిర్ణయించుకున్నాను.

నేను ఫిర్యాదులు రాసే మనిషిని. ఇది దాచుకునే సంగతి కాదు. పాలప్యాకెట్లు కారుతుంటే రాశాను, వీధిదీపం పగలు వెలుగుతుంటే రాశాను, మా బడి ప్రశ్నపత్రంలో తెలుగు తప్పులుంటే మా ప్రిన్సిపాల్‌కే రాశాను. గచ్చిబౌలిలో ఒక బడిలో తెలుగు చెబుతాను. పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఈ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్లే. వాళ్లకు తెలుగు టీచరంటే సెలవు రోజు వచ్చే చుట్టంతో సమానం. గౌరవం ఉంటుంది, పని ఉండదు. ఇరవై ఏళ్లుగా దాన్నీ గుర్తుపెట్టుకుంటున్నాను.

ఈ కార్యదర్శి మీద నాకు అంతకుముందే ఒక బాకీ ఉంది. కిందటేడాది సర్వసభ్య సమావేశంలో ఆయనే ఒక నియమం తెచ్చాడు. ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే స్వయంగా వచ్చి చెయ్యెత్తాలి, ఇంకొకరి తరఫున ఓటు చెల్లదు. మా ఫ్లాటు నా భర్త పేరు మీద ఉండేది. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. నేను చెయ్యెత్తితే కార్యదర్శి లాప్‌టాప్‌లో చూసి, మైకులో అన్నాడు: “సారీ మేడం, రికార్డుల్లో మీ పేరు లేదు. మీరు అబ్జర్వర్‌గా కూర్చోవచ్చు.”

నా ఇంటికి నేను ప్రేక్షకురాలినట. ఎత్తిన చెయ్యి దించి కొంగు సర్దుకున్నాను. మర్నాటి నుంచే ఆఫీసుల చుట్టూ తిరిగి, ఫ్లాటు నా పేరు మీదకు మార్పించుకుని, ఆ కాగితం నకలు తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చాను. “ఇంత తొందరేముంది మేడం” అన్నాడు. ఆ తొందర ఎందుకో తర్వాత ఆయనకే తెలిసింది.

కెమెరాలు ఫిబ్రవరిలో వచ్చాయి. నేను బడి నుంచి వచ్చేసరికి మా అంతస్తులో ఒకాయన నిచ్చెనెక్కి సరిగ్గా నా తలుపుకు ఎదురుగా, పై కప్పుకు తెల్లటి గుండ్రటి డబ్బా బిగిస్తున్నాడు. తలుపు తీస్తే మా హాలు, హాలు దాటి భోజనాల బల్ల, బల్ల పక్కన నేను బైబిలు చదువుకునే కుర్చీ అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. ఇల్లు కట్టిన తీరు అలాంటిది.

“కొంచెం పక్కకు తిప్పండి బాబూ, లిఫ్టు వైపు పెట్టండి” అన్నాను.

“సార్ గిట్లనే పెట్టమన్నడు మేడం. డోర్ కవర్ గావాలె అన్నడు.”

లిఫ్టులో ఒక సర్క్యులర్ అంటించారు. ‘నివాసితుల భద్రత దృష్ట్యా ప్రతి అంతస్తు నందు నిఘా కెమెరాలు అమర్చబడినవి.’ నా సంచిలో ఎర్ర కలం ఎప్పుడూ ఉంటుంది. ‘నందు’ కొట్టేసి ‘లో’ అని రాశాను, ‘అమర్చబడినవి’ కొట్టేసి ‘అమర్చాం’ అని రాశాను. ‘నిఘా’ చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ మాట ఎందుకు నచ్చలేదో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. కాగితాలు దిద్దేవాళ్లకు ఈ అలవాటుంటుంది. తప్పు ముందు చేతికి తెలుస్తుంది, తర్వాత బుర్రకు.

లిఫ్టులో ఆయన ఆ ప్రశ్న అడిగిన రోజు సాయంత్రమే మొదటి ఉత్తరం రాశాను. నా తలుపుకు ఎదురుగా ఉన్న కెమెరాను తిప్పాలని, నా ఇంటికి వచ్చేపోయేవాటి గురించి ఎవరూ ఎక్కడా మాట్లాడకూడదని. ‘నోటెడ్ మేడం’ అని ఫోన్‌లో జవాబు వచ్చింది. వారం చూసి రెండోది రాశాను. దానికి బొటనవేలు బొమ్మ వచ్చింది. మూడో ఉత్తరాన్ని అందరూ చదివేలా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పుడు కార్యదర్శి అందరి ముందూ రాశాడు:

‘మేడం, మీకు దాచుకోవాల్సింది ఏముంది? తప్పు చేయనివాళ్లకు కెమెరాతో ఇబ్బందేంటి? మా ఇంటి ముందు కూడా సేమ్ కెమెరా ఉంది. మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు కంప్లైంట్ చేయలేదు.’

కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. ఒకరు ‘గ్రూపులో పాజిటివ్‌గా ఉందాం’ అన్నారు. ఎవరెవరు చప్పట్లు కొట్టారో నా దగ్గర రాసి ఉంది.

ఆ వారం ప్రార్థన కూటం మా బ్లాకులోనే జరిగింది. లిఫ్టులో ఉన్న చెల్లెమ్మ ప్రార్థన చేసే వంతు వచ్చింది. రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం చేసింది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, “నోటి రుచి విషయంలో బలహీనులైన సహోదరీలను బలపరచు ప్రభువా” అంది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అనకపోతే నన్నే అన్నట్టు తేలిపోతుంది కదా. కళ్లు మూసుకున్నా నా చెంపలు మండుతున్నాయి. ఇంటికి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. తలుపు మూసే ఉంది. అయినా కెమెరా ఆ చెక్కలోంచి చూస్తున్నట్టే అనిపించింది. నాకూ దేవుడికీ మధ్య ఉండాల్సిన సంగతి ఒకటి ఆ నీలం గళ్ల చొక్కా జేబులోని ఫోన్‌లో ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. కెమెరా తిరగాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

మర్నాడు పొద్దున్న బడికి బయలుదేరుతూ గొడుగు తీశాను.

నల్ల గొడుగు, పాతది, పెద్దది. తలుపు కొద్దిగా తెరిచి, ముందు గొడుగు బయటికి పెట్టి, విప్పి, కెమెరాకు అడ్డంగా పట్టుకుని, తర్వాత నేను బయటికి వచ్చి తాళం వేశాను. సాయంత్రం లోపలికి వెళ్లేటప్పుడూ అంతే. కూరగాయలు తెచ్చినా అంతే, చెత్తబుట్ట బయట పెట్టినా అంతే. మండే ఎండల్లో నాలుగో అంతస్తు వరండాలో గొడుగు. మూడు రోజులకే పిల్లలు నాకు ‘గొడుగు టీచర్’ అని పేరు పెట్టారు. ఐదో రోజు సంఘం నుంచి నోటీసు వచ్చింది, ‘కెమెరాకు ఉద్దేశపూర్వకంగా ఆటంకం కలిగిస్తున్నందుకు’ అని. ఈసారి తెలుగు బాగానే ఉంది. నా దిద్దుబాటు పనిచేసినట్టుంది.

నోటీసు చేతిలో పట్టుకుని గేటు దగ్గర షేర్ ఆటో కోసం నిలబడ్డాను. మాది నానక్‌రామ్‌గూడ పాత ఊరిని ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంట్. ఎదురుగా రేకుల ఇళ్లు, వాటి వెనకాల అద్దాల మేడలు. మా వాచ్‌మన్ పాలమూరు వైపు మనిషి, పెద్దాయన. ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రోడ్డు మీదకు చూస్తున్నాడు.

“ఏంది మేడం, మొకం గట్ల వెట్టిన్రు? గొడుగు లేదా ఇయ్యాల?”

“ఉంది, సంచిలో ఉంది. నువ్వూ ఎగతాళి చేస్తున్నావా?”

“అయ్యో, ఎగతాళి గాదు. మా ఇంటిది అడుగుతున్నది, టీచరమ్మకు ఏమైంది, జర పరేషాన్ల ఉన్నదా అని.”

నోటీసు చూపించాను. చదవలేదు. కెమెరా సంగతేనని అర్థమైంది ఆయనకు.

“నాకైతే ఏం దెల్వది మేడం. ఒక్కటి చెప్త. నేను గీ కుర్సీల రోడ్డు దిక్కు మొకం వెట్టి గూసుంట. బిల్డింగుకు నా ఈపు ఉంటది. అదే కుర్సీ ఇట్ల మల్పుకుని, దినమంత మీ ఇండ్ల దిక్కు జూస్కుంట గూసున్న అనుకో. ఉంచుకుంటరా నన్ను? ‘ఏందిరా, మా ఇండ్లల్లకు జూస్తున్నవ్’ అని తన్ని తరుముతరు.”

అని తన మాటకు తనే నవ్వాడు. ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. ఒక స్టాపు దాటాక నోటీసు మడిచి సంచిలో పెట్టాను. సర్క్యులర్‌లో ‘నిఘా’ చుట్టూ నేనెందుకు సున్నా చుట్టానో అప్పుడు తెలిసింది.

కాపలా వేరు, నిఘా వేరు. కాపలా ఉన్నవాడు ఇంటికి వీపు పెట్టి నిలబడతాడు, వచ్చేవాడి వైపు చూస్తాడు. నిఘా పెట్టినవాడు ఇంటి వైపే మొహం పెడతాడు. పొలానికి కాపలా కాస్తాం, దొంగ మీద నిఘా పెడతాం. ఇరవై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఈ తేడా నాకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి చెప్పాడు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో రెండు మాటలూ బోర్డు మీద రాసి సొంత వాక్యాలు రాయమన్నాను. పాఠంలో లేదు కదా టీచర్ అన్నారు. అయినా రాయండి అన్నాను.

సాయంత్రం సంఘం ఆఫీసుకు వెళ్లి తీర్మానాల పుస్తకం అడిగాను. సాఫ్ట్ కాపీ పంపిస్తామన్నారు. వద్దు, పుస్తకమే కావాలన్నాను. వెతికి తెచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. మా మొదటి కార్యదర్శి ఒక రిటైరైన పెద్దమనిషి. ఇల్లమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆయన తీర్మానాలన్నీ తన చేత్తో, గుండ్రటి తెలుగులో రాసేవాడు. కెమెరాలు పెట్టాలన్న తీర్మానం ఆయన కాలంలోనిదే. అమలు ఇన్నేళ్లకు జరిగింది. నేను వెతుకుతున్న వాక్యం కనిపించింది. ‘ప్రతి అంతస్తులో లిఫ్టు వద్ద, మెట్ల వద్ద కాపలా కెమెరాలు అమర్చవలెనని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించిరి.’

కాపలా అని రాశాడు. లిఫ్టు వద్ద, మెట్ల వద్ద అని కూడా. తలుపుల ఊసే లేదు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. ‘తీర్మానించిరి’ని మాత్రం దిద్దలేదు. ఆ మహానుభావుడికి ఒక్క తప్పు క్షమించవచ్చు.

సర్వసభ్య సమావేశం ఆ నెలాఖరు ఆదివారం. ఎజెండాలో నా గొడుగు కూడా ఉంది. కెమెరాలను తలుపుల నుంచి తిప్పాలని ఒక ప్రతిపాదన రాసిచ్చి, దాన్నీ చేర్పించాను. కార్యదర్శి చేర్చనంటే నియమావళిలో ఏ అంశం కింద చేర్చాలో అది కూడా రాశాను. పుస్తకం ఉంది, మాట ఉంది. కానీ చేతులెత్తేవాళ్లు ఎంతమందో తెలియదు. చప్పట్లు కొట్టినవాళ్ల జాబితా చూసుకుంటే ఓడిపోతానేమో అనిపించింది.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం, ఒంటిపూట బడి అయిపోయి వచ్చి, గొడుగు ముడుస్తుంటే లిఫ్టు తెరుచుకుంది. కార్యదర్శి వాళ్ల అమ్మ. మా పై అంతస్తులో ఉంటారు. కడప వైపు వాళ్లు. అప్పటిదాకా మేం నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. వరండా అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చి, నా చేతిలో గొడుగు పట్టి చూసింది.

“ఇది యాడ కొన్న్యావమ్మా? నాక్కూడా ఒకటి తెప్పిచ్చీ.”

నాకు ముందు అర్థం కాలేదు. “మీకెందుకండీ?”

“నీకెందుకో నాకూ అందుకే. నన్ను లోపలికి రమ్మను, చెప్తా.”

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగి మొదలుపెట్టింది. వాళ్ల వైపు పగలంతా వీధి తలుపు తీసే ఉంచుతారట. ఇక్కడా అలాగే తలుపు తీసి, లోపల పీట వేసుకుని అనపకాయలు వలుచుకుంటూ కూర్చునేది. వరండాలో వచ్చేపోయేవాళ్లను పలకరించేది. కెమెరా పెట్టినప్పటి నుంచి తలుపు తీయగానే కొడుకు ఫోన్‌కు కబురు వెళ్తోంది.

“ఆఫీసులో కూచ్చోని వాడు ఫోన్ జేస్తాడమ్మా. అమ్మా తలుపు మూసుకో, అమ్మా యాడికి పోతాండావు, అమ్మా ఆ వచ్చినామె ఎవురు. తీస్తే ఫోను, మూస్తే ఫోను. నేనేమన్నా దొంగనా?”

“మీరు పడతారేమోనని భయమేమో అండీ” అన్నాను. ఆయన తరఫున నేను మాట్లాడటం నాకే వింతగా ఉంది.

“భయమే. నా మీద ప్రేమే వానికి. కాదన్ల్యా. మొన్న ఉగాదికి ఎదురింటామె ఒక ఓళిగ, అదే మీ బొబ్బట్టు, తెచ్చిచ్చె. నాకు షుగరుండేది నిజమే. ఒక్క తునక, ఇట్ల నోటి కాడికి తెచ్చినానో లేదో, ఫోను మోగె. ‘అమ్మా, అది కింద పెట్టు.’ ఆయమ్మ ముందర! తలకాయ యాడ పెట్టుకోవాలో తెలీల్యా. డెబ్బై ఏండ్లదాన్ని, తుంచిన ఓళిగ మళ్లా పళ్లెంలో పెట్టినా.”

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత గ్లాసు పక్కన పెట్టింది.

“ఆ ఫోను చీటీలో వాడు రాసినాడంట కదా, మా ఇంట్లో ఎవురూ కంప్లైంటు జేయలేదని. నన్నెవురడిగినారు?”

అప్పుడు నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. “అమ్మా, మీ ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంది?”

“నా పేరు మీదనే. వాడే రాపిచ్చినాడు, అమ్మ పేరుతో కలిసొస్తాదని. అందుకే కదా మీటింగుకు నన్ను పిల్చుకపోయి ముందర కూచ్చోబెడతాడు. ఎప్పుడు చెయ్యెత్తాల్నో వాడే సైగ జేస్తాడు.”

ఓటు ఎటు వేయాలో చెప్పడం నా పద్ధతి కాదు. గొడుగు మాత్రం ఎక్కడ దొరుకుతుందో చెప్పాను.

ఆదివారం క్లబ్‌హౌస్ నిండింది. కార్యదర్శి తెర మీద బొమ్మలు వేసి, కెమెరాల వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పాడు. చివరి బొమ్మ నా గొడుగు. పైనుంచి తీసినది. నల్లగా, గుండ్రంగా, నేను ఏమాత్రం కనిపించకుండా. హాలంతా నవ్వింది. నాకు మాత్రం గర్వంగా అనిపించింది. ఆ బొమ్మలో నా ఇల్లు అంగుళం కూడా పడలేదు.

నా వంతు వచ్చింది. పుస్తకంలోని వాక్యం చదివాను. “మనం ఒప్పుకున్నది కాపలాకు. పెట్టింది నిఘా” అన్నాను.

“మేడం, ప్లీజ్. కాపలా అన్నా నిఘా అన్నా ఒకటే కదా. రెండూ సెక్యూరిటీనే” అన్నాడు కార్యదర్శి.

“ఒకటి కాదండీ. ఇది నా మాట కాదు, మన వాచ్‌మన్ చెప్పిన మాట” అని, కుర్చీ సంగతి ఆయన చెప్పినట్టే చెప్పాను. పాలమూరు యాస నాకు సరిగా రాదు. అయినా చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ కంగారుపడి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఆ పెద్దాయన రేపు పొద్దున్న కుర్చీ ఇటు తిప్పుకుని, మీ బాల్కనీల వైపు చూస్తూ కూర్చుంటే ఊరుకుంటారా? మనిషిని ఊరుకోనివాళ్లు డబ్బాను ఎందుకు ఊరుకుంటున్నారు? కెమెరాలు ఉండాలి. లిఫ్టును చూడాలి, మెట్లను చూడాలి. నా తలుపుకు వీపు పెట్టాలి. నేనడిగేది అంతే.”

హాలులో ఎవరూ నవ్వలేదు. అయినా కార్యదర్శి తొణకలేదు. “ఓకే, ఓటింగ్ పెడదాం. మేడం ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఓనర్స్ మాత్రమే, ప్లీజ్” అని నా వైపు చూశాడు.

ఎత్తాను. ఈసారి రికార్డులో పేరున్న చెయ్యి. చుట్టూ చూశాను. వెనక ఒకటి రెండు లేచాయి, సగం లేచి ఆగాయి. అందరూ ఇంకెవరు ఎత్తుతారా అని చూస్తున్నారు.

ముందు వరసలో గాజులు గలగలమన్నాయి. కార్యదర్శి వాళ్ల అమ్మ చెయ్యెత్తింది.

ఆయన మైకు చేతిలో ఉన్న సంగతి మరిచిపోయాడు. “అమ్మా, ఇప్పుడు కాదు. నేను చెప్తా. దించు.” అది హాలంతా వినిపించింది.

“దించను పో.”

“అమ్మా, నీకు తెలీదు. ఇది వేరే ఇష్యూ.”

“నాకు తెలీకుంటే ఓళిగ నోట్లోంచి ఎవురు తీపిచ్చినార్రా? ఫ్లాటు నా పేరు మీద రాపిచ్చింది నువ్వే. పేరుండేవాళ్లే చెయ్యెత్తాలని రూలు పెట్టిందీ నువ్వే. ఎత్తినా. రాసుకో.”

హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే చేతులు లేచాయి. ముందు ఆడవాళ్లవి, తర్వాత వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లవి. వాట్సాప్‌లో చప్పట్లు కొట్టినవాళ్లవి కూడా. ఎవరెవరివో మళ్లీ రాసుకున్నాను, ఈసారి ఇంకో కాగితం మీద. మా కూటం చెల్లెమ్మ చెయ్యి అన్నిటికంటే చివర లేచింది. లేచింది కదా అనుకున్నాను. ఆ ప్రార్థనను మాత్రం మరిచిపోలేదు.

లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది. తీర్మానం నెగ్గింది. గొడుగు మీద నోటీసు వెనక్కి తీసుకున్నారు. కార్యదర్శి మైకు బల్ల మీద పెట్టి, నా దగ్గరికి వచ్చి, “కంగ్రాట్స్ మేడం” అన్నాడు. చిన్నబోయిన మొహంతోనే అన్నాడు. వెళ్లి వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపాడు. అది కూడా నాకు గుర్తుంది. మంచి సంగతులు గుర్తుపెట్టుకోనని ఎవరూ అనకూడదు.

బుధవారం సాయంత్రం, పై అంతస్తుల కెమెరాలు తిప్పాక, నిచ్చెన మళ్లీ మా అంతస్తుకు వచ్చింది. వాచ్‌మన్ దాన్ని పట్టుకున్నాడు. పైనున్నాయన మరలు వదులు చేసి, డబ్బాను మెల్లగా తిప్పాడు. దాని నల్లటి గాజు నా తలుపును దాటి, గోడను దాటి, లిఫ్టు మీద ఆగింది. వెనకనున్న తెల్లటి బోడి భాగం నా ఇంటి వైపు వచ్చింది.

“జూడుండ్రి మేడం, ఇగ మీకు ఈపు జూపిచ్చింది” అన్నాడు వాచ్‌మన్. “నా లెక్కనే డ్యూటీ జేస్తది.”

ఇంట్లోకి వెళ్లి తలుపు బార్లా తెరిచి పెట్టాను. హాలు, బల్ల, కుర్చీ. వరండా దాకా అన్నీ కనిపిస్తున్నాయి. చూసేవాళ్లు మాత్రం లేరు. నిచ్చెన దింపుతున్న ఇద్దరికీ టీ ఇచ్చాను. గొడుగు మడిచి అలమారలో పెట్టాను. పై అంతస్తు నుంచి పెద్దామె గొంతు వినిపించింది, ఎవరినో “ఏం కూరమ్మా?” అని అడుగుతోంది. ఎవరి ఫోనూ మోగలేదు.

మర్నాడు కూటం చెల్లెమ్మ గేటు దగ్గర కలిసింది. “అక్కా, ఏమీ అనుకోకు. మొత్తానికి ఆ రోజు బిర్యానీ ఎవరికి?” అంది.

“ప్రార్థన చెయ్యమ్మా, నువ్వు బాగా చేస్తావుగా. ఆయనే చెబుతాడు” అన్నాను.

ఆ శుక్రవారం, గుడ్ ఫ్రైడేకి ఇంకా వారం ఉందనగా, సాయంత్రం నాలుగింటికి నా తలుపు దగ్గర గంట మోగింది. తలుపు తీసి పొట్లం అందుకున్నాను. అందులో ఏముందో, ఎవరు తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఇక్కడ రాయను.